తుఫానుకు ముందు వచ్చే కబురు

ఆశ్వయుజ మాసం ప్రవేశించినదంటే ఉత్తరాంధ్ర తీరవాసుల మనస్సు రెండు వైపులకు లాగుతుంది. ఒక ప్రక్క దసరా వేడుక, మరియొక ప్రక్క సముద్రం మీది అనుమానం. మెట్టు దిగి పొలంలోకి పోతే వరి పొట్ట మీద ఉంటుంది. ఉద్దానం తోటలలో కొబ్బరి గెలలు బరువుగా వ్రేలాడుతూ ఉంటాయి. వేటకు పోయిన పడవలు దూరపు నీళ్ళలో ఉంటాయి. సంవత్సరమంతా పడిన కష్టం చేతికి అందబోయే ఆ కాలమే బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలం కూడా. 2013వ సంవత్సరం అక్టోబరు 12వ తేదీన ఫైలిన్, 2014లో మరల అదే తేదీన హుద్‌హుద్, 2018లో అక్టోబరు 11న తిత్లీ ఈ తీరం మీద, లేదా దీని పొలిమేరలో విరుచుకుపడినవి. ఆరేండ్లలో వచ్చిన ఈ మూడు పెనుగాలులూ పంచాంగంలో ఇంచుమించు ఒకే పుటలో ఇమిడినవి.

ఇటువంటి గాలి రానున్నదని తెలిసినప్పుడు మానవుడు ఏమి చేస్తూ వచ్చినాడు? ఏమి చేయగలడు? ఈ ప్రశ్నకు చరిత్రలో చాలా సమాధానమున్నది. తుఫానును ఆపిన రాజు లేడు. ఆపగల ప్రభుత్వమూ లేదు. నూట యేబది సంవత్సరాలుగా మనం సాధించినది ఒకే ఒకటి: గాలి కంటె ముందు కబురును పంపడం. ఆ కబురుకూ గాలికీ నడుమ ఉన్న వ్యవధి ఎంత, ఆ వ్యవధిలో మనం చేసిన పని ఎంత అన్న రెండు లెక్కలలోనే ఊళ్ళ ప్రాణాలు ఉన్నవి.

ముందుగా మాటల సంగతి. మన పెద్దలు ‘గాలివాన’ అన్నారు. సముద్రం పొంగి భూమి మీదికి వస్తే ‘ఉప్పెన’ అన్నారు. ‘తుఫాను’ అనే మాట అరబ్బీ, పారసీ భాషల నుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. ఇదే గాలి అట్లాంటిక్ సముద్రంలో పుడితే అక్కడివారు హరికేన్ అంటారు. చైనా, జపాను దేశాల వైపు పుడితే టైఫూన్ అంటారు. పేర్లే వేరు, ప్రకృతి ఒక్కటే. ఇంగ్లీషులోని ‘సైక్లోన్’ అనే మాట మాత్రం మన బంగాళాఖాతంలోనే పుట్టినదని చాలమందికి తెలియదు. దానిని కల్పించినవాడు హెన్రీ పిడింగ్టన్. కలకత్తాలో ఓడల ప్రమాదాలను విచారించే న్యాయస్థానానికి ఆయన అధ్యక్షుడు. గోదావరి ముఖంలోని కోరంగి రేవును 1789 డిసెంబరులో మూడు కెరటాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి ముంచివేసినవి. 1839 నవంబరులో అదే రేవు మరల మునిగినది. ఇటువంటి తుఫానుల వృత్తాంతాలను, ఓడల నాయకులు వ్రాసుకొన్న దినచర్యలను పిడింగ్టన్ ఓపికగా ప్రోగుచేసి చదివినాడు. ఈ గాలి తిన్నగా వీచేది కాదనీ, పాము చుట్ట చుట్టుకొన్నట్లు ఒక కేంద్రం చుట్టూ తిరుగుతూ ముందుకు నడుస్తుందనీ ఆయన గ్రహించినాడు. 1848లో ప్రకటించిన తన నావికుల చేతిపుస్తకంలో గ్రీకు భాష నుండి తీసిన ఈ మాటను వాడినాడు. ఆ పుస్తకంతో పాటు వెలుతురు దూరే పలుచని కొమ్ము రేకులను కూడా జతచేసినాడు. వాటిని సముద్రపటం మీద పెట్టి, తన ఓడకు తగిలే గాలి దిక్కును సరిచూచుకొంటే, తుఫాను కేంద్రం ఎటు ఉన్నదో నాయకునికి తెలుస్తుంది. శత్రువు ఏ దిక్కున ఉన్నాడో తెలియడమే రక్షణకు మొదటి మెట్టు.

ఆ కొమ్ము రేకులు ఓడలో ఉన్నవానికి పనికివచ్చినవి. ఒడ్డున ఉన్నవానికి ఆధారమేమి? పంచాంగం సంవత్సరానికి ఎంత వర్షమో చెప్పినది కాని, ఫలానా రాత్రి ఫలానా తీరమని చెప్పలేదు. తీరంలోని మత్స్యకారులు తమ కళ్ళనే నమ్ముకొన్నారు. గాలి లేకుండానే దూరం నుండి నిడుపాటి కెరటాలు వరుసగా వచ్చి ఒడ్డును కొట్టడం, సాయంకాలపు ఆకాశం ఇటుక రంగుకు తిరగడం, గాలి అలవాటైన దిక్కు మాని ఉత్తరానికో ఈశాన్యానికో నిలవడం - వీటిని చూచి తెప్పలు పైకి లాగుకొన్నారు. ఇవి మూఢనమ్మకాలు కావు. తుఫాను లేపిన కెరటం తుఫాను కంటె వేగంగా ప్రయాణం చేస్తుందని నేటి శాస్త్రమూ అంగీకరిస్తున్నది. అయితే ఆ సూచనల వలన దొరికే వ్యవధి ఒక దినమో, ఒక పూటో మాత్రమే. ఆ కొద్దిపాటి వ్యవధికి తగినట్లే వారి కట్టడాలు కూడా ఉండేవి. విశాఖపట్నం నుండి శ్రీకాకుళం వరకు తీరగ్రామాలలో వెనుక విరివిగా కనిపించిన చుట్టిల్లును చూడండి. గుండ్రని మట్టిగోడ, దాని మీద నేలకు ఇంచుమించు తగిలేంత క్రిందికి దించిన తాటాకు కప్పు. గాలికి పట్టు దొరికే మూల ఎక్కడా లేదు. వాస్తుశాస్త్రం చదవని చేతులు గాలికి ఇచ్చిన సమాధానమది.

కాని పెద్ద తుఫాను ముందు ఈ తెలివి చాలలేదు. 1864 అక్టోబరు 5న కలకత్తాను, ఆ తరువాత నెల తిరగకుండానే నవంబరు 1న మచిలీపట్నాన్ని ఉప్పెనలు ముంచివేసినవి. కలకత్తా ప్రాంతంలో రమారమి 60,000 మంది, మచిలీపట్నం ప్రాంతంలో 30,000 మంది మరణించినారని ఆనాటి లెక్కలు. ఆ దెబ్బకు ప్రభుత్వం మేలుకొన్నది. మరుసటి సంవత్సరం కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికల ఏర్పాటు మొదలైనది. 1875లో దేశమంతటికీ వాతావరణ శాఖ ఏర్పడినది. ఆ శాఖకు ఏడాది నిండగానే మన ఉత్తర తీరమే పరీక్ష పెట్టినది. 1876 అక్టోబరు మొదట విశాఖపట్నం మీదికి ఒక తుఫాను వచ్చినది. ఆ నెల చివర మేఘనా నది ముఖంలోని బాకర్‌గంజ్ మీదికి మరియొకటి వచ్చినది. రెండవదాని ఉప్పెన వలన, ఆ వెంటనే ప్రబలిన రోగాల వలన రమారమి రెండు లక్షల మంది నశించినారు. ఈ రెండు తుఫానులను కలిపి పరిశీలించి, బెంగాలు వాతావరణాధికారి ఎలియట్ పెద్ద నివేదిక వ్రాసినాడు. శ్రీకాకుళం, విజయనగరం అప్పుడు విశాఖపట్నం, గంజాం జిల్లాలలో భాగాలు. తుఫాను చరిత్రలో మన తీరం పేరు శాస్త్రగ్రంథంలోకి ఎక్కినది ఆ విధంగానే.

తంతి వచ్చిన తరువాత కబురుకు కాళ్ళు వచ్చినవి. కలకత్తా నుండి మద్రాసు వరకు రేవులన్నింటికీ ఒకే విధమైన సంకేతాలు పందొమ్మిదవ శతాబ్ది అంతానికి అమలులోకి వచ్చినవి. భీమునిపట్నం, కళింగపట్నం ఆ రోజులలో సందడి గల రేవులు. గోగునార, నూనెగింజలు ఓడలకు ఎక్కేవి. తుఫాను జాడ తెలిసినప్పుడు రేవు కొయ్య మీద పగటివేళ గుమ్మటాలు, శంకువుల వంటి గుర్తులను ఎగురవేసేవారు; రాత్రివేళ ఎర్రదీపాలు, తెల్లదీపాలు వెలిగించేవారు. నేటికీ మనం వార్తలలో వినే ‘మూడవ నంబరు ప్రమాద సూచిక’, ‘పదవ నంబరు ప్రమాద సూచిక’ ఆ సంప్రదాయానికి వారసులే. ఒకటి, రెండు దూరాన ఉన్న తుఫానును గూర్చినవి. మూడు, నాలుగు రేవుకే గాలి తగులవచ్చునని చెప్పేవి. ఐదు నుండి ఏడు వరకు ప్రమాదం. ఎనిమిది నుండి పది వరకు మహాప్రమాదం. పదకొండవదానికి అర్థం మరీ భయంకరమైనది: హెచ్చరిక కేంద్రంతో సంబంధం తెగిపోయినదని. చెప్పేవాని గొంతు వినబడకపోవడాన్నే అన్నింటికంటె పెద్ద ప్రమాదంగా ఆనాటివారు లెక్కించినారు. ఇది మనం గుర్తుంచుకోవలసిన మాట.

కబురు చేరినంత మాత్రాన పని నెరవేరదు. వినేవాడు వినవలెను. పిడింగ్టన్ జీవితంలోనే దీనికి నిదర్శనమున్నది. కలకత్తా రేవుకు బదులుగా మాట్లా నది మీద క్యానింగ్ అనే కొత్త రేవు కట్టవలెనని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, అక్కడ తుఫాను కెరటం ఊరిని ముంచుతుందని ఆయన 1853లో గవర్నరు జనరలుకే బహిరంగంగా లేఖ వ్రాసినాడు. ఎవరూ చెవిని పెట్టలేదు. 1858లో ఆయన కన్నుమూసినాడు. రేవు కట్టినారు. 1867 నవంబరులో వచ్చిన తుఫాను దానిని శిథిలం చేసినది. అమెరికాలో కథ ఇంకా దారుణం. క్యూబా ద్వీపంలోని హవానా నగరంలో బెనితో విన్యెస్ అనే మతగురువు 1875లోనే హరికేన్ రాకను ముందుగా చెప్పి, అక్కడ గొప్ప సంప్రదాయాన్ని నెలకొల్పినాడు. 1900 సెప్టెంబరులో ఒక హరికేన్ టెక్సస్ వైపు పోతున్నదని ఆయన శిష్యపరంపర అభిప్రాయపడినది. అమెరికా వాతావరణ కార్యాలయం వారి మాటను లెక్కచేయలేదు; క్యూబా నుండి తంతి మీద అటువంటి హెచ్చరికలు రాకుండా కూడా కట్టడి చేసినది. సెప్టెంబరు 8న గాల్వెస్టన్ నగరం సముద్రంలో మునిగినది. కనీసం ఆరువేల మంది మరణించినారు. అక్కడ శాస్త్రం ఉన్నది, తంతి ఉన్నది. పొరుగువాని మాట వినే వినయం మాత్రం లేకపోయినది.

మన తీరానికి రేడియో గొంతు వచ్చినది స్వాతంత్ర్యం తరువాత. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం, 1963 ఆగస్టు 4న విశాఖపట్నం కేంద్రం ప్రసారాలు ప్రారంభించినవి. అంతవరకు రేవు కొయ్య మీది దీపం రేవుకే కనిపించేది. రేడియో వచ్చిన తరువాత భావనపాడులోనో, కోనాడలోనో ఇసుక మీద కూర్చున్న మనిషికి కూడా అదే కబురు అదే క్షణంలో అందడానికి మార్గం ఏర్పడినది. ఊరికి ఒక్క పెట్టె ఉన్నా చాలు, ఊరంతా చుట్టూ చేరేది. 1970లో దేశంలోకెల్ల మొదటి తుఫాను రాడారు విశాఖపట్నంలో నెలకొన్నది. 1974లో అక్కడే తుఫాను హెచ్చరికల కేంద్రం ఏర్పడినది. ఆకాశం నుండి ఉపగ్రహాలు మేఘాల ఛాయాచిత్రాలు పంపడం మొదలైన తరువాత, వాయుగుండం పుట్టుక మొదటి దినం నుండే కంటికి కనిపించసాగినది.

ఇన్ని సాధనాలు ఉండి కూడా 1977 నవంబరు 19న దివిసీమలో రమారమి పదివేల మంది ఉప్పెన వాత బడినారు. హెచ్చరిక లేక కాదు. ఆ హెచ్చరిక చెవిన పడినవానికి పోవడానికి చోటు లేదు, తీసుకొని పోయే ఏర్పాటు లేదు. ఆ తరువాతనే తీరమంతటా ఎత్తైన తుఫాను రక్షణ భవనాలు కట్టడం, ముందుగానే ప్రజలను తరలించడం ఒక పద్ధతిగా మారినది. 1990 మే నెలలో అదే కృష్ణాతీరాన్ని దానికి దీటైన తుఫాను తాకినప్పుడు లక్షలాది ప్రజలను ముందుగా తరలించినారు. మరణాలు వెయ్యి ప్రాంతంలో ఆగినవి. వెయ్యి తక్కువ సంఖ్య కాదు. అయినా పదివేలకూ వెయ్యికీ నడుమ నిలబడిన తొమ్మిదివేల ప్రాణాలను చరిత్రకారుడు లెక్కలో చేర్చవలెను. రక్షింపబడినవారికి శిలాఫలకాలు ఉండవు.

మన పొరుగున ఒడిశాలో కూడా ఇదే పాఠం. 1999 అక్టోబరు 29న పారాదీప్ వద్ద వచ్చిన మహా తుఫానుకు రమారమి పదివేల మంది బలి అయినారు. 2013లో ఫైలిన్ గంటకు 200 కిలోమీటర్లు మించిన గాలితో గోపాలపురం వద్ద తీరం దాటినది. ఆ రాత్రి దుర్గాష్టమి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ప్రాంతాలు కూడా ఆ దెబ్బను చవిచూచినవి. ఒడిశాలో దాదాపు పదిలక్షల మందిని తరలించినారు. మరణాలు పదుల సంఖ్యను దాటలేదు. అదే సముద్రం, దాదాపు అంతే గాలి. మారినది మనిషి ఏర్పాటు.

మరుసటి సంవత్సరం హుద్‌హుద్ విశాఖపట్నాన్నే గురిచేసుకొన్నది. ఈ పేరు ఒమాను దేశం ఇచ్చినది. అది కూకుడుగువ్వ పేరు. గంటకు 180 కిలోమీటర్ల ప్రాంతంలో గాలి వీచినది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో కూడా చెట్లు, స్తంభాలు, కప్పులు నేలకూలినవి. కైలాసగిరి మీది రాడారు దెబ్బతిన్నది. కరెంటు పోయినది. టెలిఫోనులు మూగబోయినవి. నగరానికి పొరుగు వీధి వార్త కూడా తెలియని స్థితి ఏర్పడినది. వెనుకటివారి పదకొండవ సంకేతం, సంబంధం తెగిపోయినదన్న సంకేతం, ఇన్నాళ్ళకు ఆధునిక నగరం మీద ఎగిరినట్లయినది. బ్యాటరీతో పనిచేసే చిన్న రేడియో విలువ అటువంటి రాత్రి తెలుస్తుంది.

ఇక్కడ మన తీరపు భౌగోళిక విశేషం ఒకటి చెప్పవలెను. హుద్‌హుద్ వేళ విశాఖపట్నం రేవులో సముద్రం అదనంగా లేచినది సుమారు 1.4 మీటర్లు. దివిసీమలో ఐదు మీటర్లకు పైగా లేచినది. కారణమేమనగా, కృష్ణా గోదావరి ముఖాల వద్ద సముద్రపు అడుగు పల్లంగా, చాల దూరం లోతు లేకుండా ఉంటుంది. గాలి తరిమిన నీరు పోవడానికి చోటు లేక భూమి మీదికి ఎక్కుతుంది. మన ఉత్తర తీరంలో అడుగు త్వరగా లోతెక్కుతుంది. అందువలన ఉప్పెన భయం ఇక్కడ కొంత తక్కువ. దానికి బదులుగా మనకు రెండు భయాలు ఉన్నవి. ఒకటి గాలి. రెండవది నదులు. వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుద ఒడిశా కొండలలో పుట్టి, కొద్ది దూరమే పరుగెత్తి సముద్రంలో కలుస్తాయి. తుఫాను తీరం దాటి కొండల మీద కురిసిన వాన, గాలి అణగిన తరువాత వరదగా మన మీదికి తిరిగివస్తుంది. గాలి పోయినదని తేలికగా ఊపిరి పీల్చుకొన్నవానికి ఆ నీరు రెండవ దెబ్బ.

2018లో తిత్లీ ఈ రెండు దెబ్బలనూ కొట్టినది. పాకిస్తాన్ పెట్టిన ఈ పేరుకు సీతాకోకచిలుక అని అర్థం. అక్టోబరు 11వ తేదీ తెల్లవారకముందే, నాలుగున్నర, ఐదున్నర గంటల నడుమ, అది పలాస సమీపాన తీరం దాటినది. గాలి వేగం గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు. ఉండి ఉండి 165 వరకు. అటు తరువాత కొండల వైపు మళ్ళి కుండపోతగా కురిసినది. ఒడిశాలోని గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఎందరో మరణించినారు. వంశధార, మహేంద్రతనయ పొంగినవి. మన జిల్లాలో ప్రాణనష్టం తుఫాను పరిమాణాన్ని బట్టి చూస్తే తక్కువే. కాని ఉద్దానం కూలిపోయినది. ఉద్యానవనమన్న మాటే ఉద్దానమైనదంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో తండ్రులు నాటిన కొబ్బరిచెట్లు, పలాస జీడిపప్పుకు ఆధారమైన జీడిమామిడి తోటలు ఒక్క తెల్లవారుజామున నేలవాలినవి.

కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఐదారేండ్లు పడుతుంది. మనిషిని భవనంలోకి తరలించవచ్చును, తోటను తరలించలేము. ఇది తిత్లీ మనకు నేర్పిన కఠినమైన పాఠం. మన హెచ్చరికలు ప్రాణాలను కాపాడే స్థితికి వచ్చినవి. బ్రతుకుతెరువును కాపాడే స్థితికి ఇంకా రాలేదు. తోటలకు భీమా, గాలిని తట్టే సరుగుడు పట్టీలు, ఒకే పంట మీద ఊరంతా ఆధారపడకుండా ఉండే వ్యవసాయం - ఇవన్నీ తుఫాను రాని సంవత్సరాలలో చేయవలసిన సన్నాహాలు. ఆకాశం నిర్మలంగా ఉన్న దినమే తుఫానుకు సిద్ధపడే అసలైన దినం.

ఇక నమ్మకం మాట. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నం సమీపాన తీరం దాటినది. రెండు నెలలు తిరుగగానే డిసెంబరులో జవాద్ అనే మరియొక తుఫాను ఉత్తరాంధ్ర వైపు వస్తున్నదని హెచ్చరించినారు. మూడు జిల్లాలలో యేబదివేలకు పైగా ప్రజలను తరలించినారు. అది సముద్రంలోనే బలహీనపడి పూరీ వైపు తొలగిపోయినది. అప్పుడు ‘వట్టి హడావుడి చేసినారు’ అన్నవారు లేకపోలేదు. ఈ మాటలోనే రానున్న తుఫాను ప్రాణాలు తీసుకొంటుంది. సముద్రం మీది గాలి గీసిన గీత మీద నడవదు. రెండు దినాల ముందు చెప్పిన స్థానానికీ నిజంగా తాకే స్థానానికీ పదుల కిలోమీటర్ల తేడా ఉండవచ్చును. తేడా లేకుండా చెప్పవలెనంటే తుఫాను ఇంటి ముందుకు వచ్చిన తరువాతనే చెప్పవలెను. ముందుగా చెప్పడమూ కచ్చితంగా చెప్పడమూ ఒకేసారి పూర్తిగా సాధ్యం కావు. తప్పిపోయిన తుఫానుకు ఇల్లు వదలిపోయినవాడు ఒక రాత్రి నిద్ర పోగొట్టుకొన్నాడు. తప్పదనుకొన్న తుఫానుకు ఇల్లు వదలనివాడు ఏమి పోగొట్టుకొంటాడో దివిసీమ చెప్పినది.

ఇల్లు వదలనివాని మొండితనాన్ని తేలికగా నిందించడం కూడా న్యాయం కాదు. అతనికి పశువులున్నవి. వలలున్నవి. గాదెలో గింజలున్నవి. ఇంటిలో కదలలేని తల్లి ఉన్నది. తిరిగివచ్చేసరికి వీటిలో ఏది మిగులుతుందో అతనికి చెప్పగలవారు లేరు. ఒకసారి మా కేంద్రానికి కార్యక్రమం నిమిత్తం వచ్చిన ఒక వృద్ధ మత్స్యకారుడు, రికార్డింగు ముగిసిన తరువాత నాతో అన్న మాట నేను మరువలేదు. ‘బావూ, తుపాను నాలుగొందల కిలోమీటర్ల దూరాన ఉన్నాదని సదువుతారు. ఆ లెక్క మాకెందుకు? ఏ పూట కొడతాది, నీరెందాకా ఎక్కుతాది, ఏ యేళకి ఇల్లు ఒగ్గేసి పోవాల, పోతే పసువులకి సోటున్నాదా - అది సెప్పండి’ అన్నాడు. ఎన్నో సంవత్సరాలు హెచ్చరికలు చదివిన నాకు ఆ నాలుగు ప్రశ్నలు గురువు చెప్పిన పాఠంలా తోచినవి. అక్షాంశ రేఖాంశాలు శాస్త్రజ్ఞునికి. వినేవానికి కావలసినది అతని గడియారం మీది వేళ, అతని ఊరి పేరు, అతడు చేయవలసిన పని.

ఆ దృష్టితోనే హెచ్చరికలలోని దశలను గమనించండి. తుఫాను తీరానికి వస్తుందనుకొన్న వేళకు 72 గంటల ముందు మొదటి సూచన వస్తుంది. అది కలవరపడడానికి కాదు. వేటకు పోయినవారికి కబురు పెట్టడానికి. మన తీరపు మత్స్యకారులలో చాలమంది గుజరాతు రేవులలో కూడా పనిచేస్తున్నారు. ఎవరు ఏ నీళ్ళలో ఉన్నారో ఇంటివారు తెలుసుకోవలసిన దినమది. 48 గంటల ముందు రెండవ హెచ్చరిక. అప్పుడు కోతకు వచ్చిన పంట కోసి, ఎత్తైన చోట చేర్చుకోవలెను; ముదిరిన కాయలు దింపుకోవలెను; పడవలు, వలలు పైకి లాగుకోవలెను; నెలలు నిండిన స్త్రీలను ఆసుపత్రి గల ఊరికి చేర్చవలెను. 24 గంటల ముందు మూడవది. త్రాగునీరు, అటుకులు, మందులు, దీపం, అగ్గిపెట్టె, రేడియోకు కొత్త బ్యాటరీలు సిద్ధం కావలెను. భూమి కాగితాలు, రేషను కార్డు తడవకుండా మూటకట్టవలెను. పశువుల పలుపులు విప్పి మెరకకు తోలవలెను. కట్టివేసిన పశువు ఉన్నచోటనే మునుగుతుంది. 12 గంటల ముందు వచ్చేది చివరి మాట. తరలిపొమ్మని చెప్పిన ఊళ్ళలో అప్పటికి మనుషులు ఇండ్లలో ఉండకూడదు.

మరి రెండు సంగతులు. గాలి వేగం రెట్టింపయితే దాని తోపుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. అందుచేత నిరుటి గాలికి నిలిచిన కప్పు ఈ ఏటి గాలికి నిలుస్తుందని నమ్మరాదు. రెండవది, తుఫాను కన్ను ఊరి మీదుగా పోతే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆకాశం తేటపడినట్లు కూడా ఉంటుంది. పోయినదనుకొని బయటికి వచ్చినవారిని మరికొంతసేపటికి ఎదురుదిక్కు నుండి వచ్చే గాలి కొడుతుంది. ముగిసినదని అధికారులు చెప్పేవరకు తుఫాను ముగియలేదు. ఆ తరువాత కూడా తెగిపడిన తీగలను ముట్టరాదు. నదుల వైపు ఒక చెవి వేసి ఉంచవలెను.

పిడింగ్టన్ కొమ్ము రేకు నుండి ఉపగ్రహం వరకు, రేవు కొయ్య మీది దీపం నుండి ఇంటిలోని రేడియో వరకు సాగిన ఈ చరిత్రలో ప్రతి మెట్టునూ చనిపోయినవారే కట్టించినారు. కోరంగి మునిగిన తరువాత సైక్లోనుకు పేరు వచ్చినది. మచిలీపట్నం, కలకత్తా మునిగిన తరువాత హెచ్చరిక వచ్చినది. దివిసీమ మునిగిన తరువాత రక్షణ భవనం వచ్చినది. వారు పోయి మనకు వ్యవధిని సంపాదించి ఇచ్చినారు. ఒకనాటి ఒక పూట వ్యవధి ఈనాడు మూడు దినాలకు పెరిగినది. దానిని ఇరుగుపొరుగుల మాటలలో, ‘చూద్దాం లెమ్మ’నే ఉపేక్షలో వ్యయపరచడం వారి ఋణాన్ని ఎగవేయడమే.

మీ ఇంటిలో రేడియో ఉన్నది. మీ వీధి చివర, తోట అవతల, లేని ఇల్లు ఒకటి ఉంటుంది. కబురు మీ వద్దకు వచ్చి ఆగిపోతే అది సగం దారిలో చచ్చిన కబురు. ఆ రాత్రి హెచ్చరిక వినగానే మీరు చేయవలసిన మొదటి పని తలుపు గడియ బిగించుకోవడం కాదు. చేతిలాంతరు పట్టుకొని ఆ ఇంటిదాకా వెళ్ళి, ఏ వేళకు ఇల్లు విడవవలెనో వారితో చెప్పి, వారి వృద్ధురాలిని నడిపించడానికి ఒక మనిషిని కుదిర్చి రావడం.